దొడ్డిదారి ఖరీదు

2016 చివర్లో ఒక రోజు పొద్దున్నే నాకో ఈమెయిల్ వచ్చింది. రాసినాయన ఎవరో నాకు తెలియదు. ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో మా ప్రోగ్రామ్‌ను ప్యాకేజీగా కట్టి అందించే వాలంటీరట. ఉన్నవి నాలుగే వాక్యాలు. కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో మీ ప్రోగ్రామ్ కంపైల్ కావడం లేదు. ఎర్రర్ లాగ్ జతచేశాను. వచ్చే రిలీజ్‌లోపు సరిచేయకపోతే ప్యాకేజీని తీసేయాల్సి వస్తుంది. ఏమీ అనుకోవద్దు.

మాది చిన్న బ్యాకప్ ప్రోగ్రామ్. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి వేరే మెషీన్‌కు పంపుతుంది. సెలవు రోజుల్లో, రాత్రుళ్లు కూర్చుని ముగ్గురం రాసుకున్న కోడ్. ఎన్‌క్రిప్షన్ భాగం నాది. అందరూ భయపడే భాగాన్ని నేను రాశానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. లాగ్ తెరిచి చూస్తే ఎర్రర్లన్నీ నా ఫైల్లోనే ఉన్నాయి.

సంగతేమిటో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎన్‌క్రిప్షన్ జరుగుతున్నంతసేపూ మేం వాడే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దాని వివరాలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టుకుంటుంది. ఏ ఫీల్డ్ ఎక్కడుందో అప్పట్లో హెడర్ ఫైల్లో కనిపించేది. మధ్యలో నాకు అందులోంచి ఒక విలువ కావాల్సి వచ్చింది. అడిగి తీసుకునే ఫంక్షన్ ఉందేమోనని వెతకలేదు, నేరుగా చెయ్యి పెట్టి తీసేసుకున్నాను. 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0 వర్షన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు అలాంటి స్ట్రక్చర్లకు తలుపులు వేసేశారు. అప్పటి నుంచి బయటి ప్రోగ్రాములకు స్ట్రక్చర్ పేరు తెలుస్తుంది, లోపలేముందో తెలియదు. నా కోడ్ వెళ్లి ఆ తలుపుకు గుద్దుకుంది.

మొదట కోపం వచ్చింది. చక్కగా నడుస్తున్నదాన్ని వీళ్లెందుకు చెడగొట్టారు అనుకున్నాను. రెండు రోజులు పోయాక బుర్రకెక్కింది. వాళ్లు నాకిచ్చిన మాటేదీ తప్పలేదు. ఆ ఫీల్డ్ ఎప్పటికీ అక్కడే ఉంటుందని వాళ్లు ఎక్కడా చెప్పలేదు. తొంగిచూసింది నేను. చూసినదాన్ని మాటగా తీసుకున్నదీ నేనే.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఆ ఒక్క తేడా గురించే. ఇచ్చిన మాట మీద ఇల్లు కట్టుకోవచ్చు. తొంగిచూసి కనుక్కున్నదాని మీద కడితే, ఎప్పుడు కూలుతుందో చెప్పే హక్కు మన చేతిలో ఉండదు.

ఇచ్చిన మాట ఏది?

ప్రతి లైబ్రరీకీ ఒక ముందు గుమ్మం ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లో వివరించి, ఉదాహరణలిచ్చి, వర్షన్ మారినా దీన్ని నిలబెడతామని రాసినవాళ్లు చెప్పిన ఫంక్షన్లు అవి. మద్దతు ఉన్న ఇంటర్‌ఫేస్ అంటే ఇదే. దొడ్డిదారులు కూడా ఉంటాయి. హెడర్‌లో కనబడింది కదా అని, ఏదో ఫోరంలో పదేళ్ల కిందటి జవాబులో ఎవరో రాశారని, లింక్ చేస్తే ఎర్రర్ రాలేదని వాడేసేవన్నీ అవే.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నే తీసుకోండి. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై అనే పాత లైబ్రరీ నుంచి 1998లో పుట్టింది. అంత వయసున్న ఇంటికి దొడ్డిదారులు ఎక్కువే ఉంటాయి. ఏఈఎస్‌కు విడిగా, ఎస్‌హెచ్‌ఏకు విడిగా, ఆర్‌ఎస్‌ఏకు విడిగా, ఇలా ఒక్కో అల్గారిథమ్‌కూ లోపలి ఫంక్షన్లు ఉండేవి. వాటన్నిటి పైన ఈవీపీ అనే పొర ఉంది. ఇదే ముందు గుమ్మం. ఏ అల్గారిథమ్ వాడినా పిలిచే తీరు ఒక్కటే, పేరు మాత్రం మారుతుంది. 2021 సెప్టెంబర్ 7న వచ్చిన 3.0 వర్షన్‌లో ఆ లోపలి ఫంక్షన్లకు డెప్రికేటెడ్ అని ముద్ర వేశారు. ఇంకా ఉన్నాయి, వాడొద్దు, ఒక రోజు ఉండవు అని దాని అర్థం.

దొడ్డిదారి ఖరీదు ఎప్పుడో భవిష్యత్తులో కట్టేదనుకునేరు. నేను కొన్నేళ్లుగా నాకు తెలియకుండానే కడుతూ వచ్చాను. ఇంటెల్ ప్రాసెసర్లలో 2010 నుంచి ఏఈఎస్ కోసమే ప్రత్యేకంగా ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. ఈవీపీ ద్వారా వెళితే లైబ్రరీ ప్రాసెసర్‌ను చూసి వాటిని తనే వాడుకుంటుంది. లోపలి ఏఈఎస్ ఫంక్షన్‌ను నేరుగా పిలిస్తే వాడదు. 1.1.1 వర్షన్ చేతిలో ఉన్నవాళ్లు దాని స్పీడ్ కమాండ్‌ను ఈవీపీ ఆప్షన్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి నడిపి చూడవచ్చు. మా ప్రోగ్రామ్‌లో కొంత భాగం అలా నేరుగా పిలిచేదే. 'దగ్గరిదారి' అని నేను మురిసిపోయిన దారిలో నా బండి ఎడ్లబండిలా నడిచింది.

పని చేస్తోంది కదా అన్నా!

ఆ మధ్య కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు మా ప్రాజెక్టుకు ప్యాచ్ పంపాడు. ఫైళ్లతోపాటు వాటి పేర్ల జాబితాను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఫీచర్. ఆలోచన బాగుంది, కోడ్ శుభ్రంగా ఉంది. కాకపోతే డేటాను పదహారేసి బైట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడివిడిగా ఏఈఎస్ లోపలి ఫంక్షన్‌కు పంపుతున్నాడు. ఫోన్ చేశాను.

"టెస్ట్ చేశాను అన్నా. పని చేస్తోంది కదా!"

"ఎలా టెస్ట్ చేశావు?"

"ఎన్‌క్రిప్ట్ చేసి మళ్లీ డీక్రిప్ట్ చేశాను. ఒక్క బైట్ తేడా లేదు."

"సరే. ఒకే అక్షరం వెయ్యిసార్లు ఉన్న ఫైలు ఇచ్చి, ఎన్‌క్రిప్ట్ అయినదాన్ని ఓసారి తెరిచి చూడు తమ్ముడూ."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత గొంతు కాస్త తగ్గింది. "అన్నా, ఇందులోనూ ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తోంది."

దీన్ని ఈసీబీ మోడ్ అంటారు. ఒకేలాంటి ముక్క లోపలికి వెళితే ఒకేలాంటి ముక్క బయటికి వస్తుంది. తాళం తీయకుండానే లోపల ఏం ఉందో ఆరా తీసేయవచ్చు. 2013లో అడోబీ నుంచి లీకైన పాస్‌వర్డ్‌ల కథ ఇదే. 15 కోట్లకు పైగా రికార్డులు. పాస్‌వర్డ్‌లను ట్రిపుల్ డెస్‌తో ఈసీబీ మోడ్‌లో ఎన్‌క్రిప్ట్ చేశారు. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లందరికీ ఒకే అక్షరాల వరుస వచ్చింది. పక్కనే వాళ్లు రాసుకున్న పాస్‌వర్డ్ గుర్తులు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. కీ ఎవరి చేతికీ చిక్కకపోయినా చాలా పాస్‌వర్డ్‌లను జనం పొడుపుకథల్లా విప్పేశారు.

వంటలో ఉప్పు తక్కువైతే నాలుక చెబుతుంది. లెక్క తప్పితే మొత్తం తేలదు. ఎన్‌క్రిప్షన్‌లో తప్పు జరిగితే చెప్పేవాళ్లుండరు. ఫైలు తెరుచుకుంటుంది, టెస్టులు పాసవుతాయి, వాడేవాళ్లు థాంక్స్ చెబుతారు. తప్పును కనిపెట్టేది ఎక్కడో కూర్చున్న దొంగ, వాడు మనకు బగ్ రిపోర్ట్ పంపడు. మిగతా ప్రోగ్రామింగ్‌లో మనల్ని నిలబెట్టే 'రాసి, నడిపి, చూసి నేర్చుకో' అనే పద్ధతి ఇక్కడ సరిపోదు. ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉన్నవాళ్లు కట్టిన గుమ్మంలోంచి వెళ్లాలనడానికి అసలు కారణం ఇది.

ముందు గుమ్మం అనిపించేవాటినీ కాస్త చూసుకోవాలి. జావాలో సైఫర్ అడిగేటప్పుడు ఏఈఎస్ అని ఊరికే పేరు చెబితే, మామూలుగా వచ్చే ప్రొవైడర్ ఈసీబీ మోడ్‌నే ఇస్తుంది. మోడ్, ప్యాడింగ్ కూడా పూర్తిగా చెప్పి అడగాలి. హోటల్లో కాఫీ అంటే వాళ్లకు అలవాటైన కాఫీ వస్తుంది. చక్కెర లేకుండా కావాలంటే మనమే చెప్పాలి.

కొండ నాలుకకు మందు

ఇంకో రకం దొడ్డిదారి ఉంది. లైబ్రరీ లోపలికి వెళ్లి దాన్ని మనమే 'బాగుచేయడం'. దీనికి 2008 నాటి డెబియన్ ఉదంతాన్ని మించిన పాఠం లేదు.

2006లో డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో చిన్న మార్పు జరిగింది. మెమరీ తప్పులు పట్టే పరికరాలు ఈ లైబ్రరీలో ఒకచోట హెచ్చరిక చూపిస్తున్నాయి, ముందుగా విలువ పెట్టని మెమరీని వాడుతున్నారు అని. హెచ్చరిక పోవడానికి ఆ లైన్లను తీసేశారు. తీసేసిన లైన్లలో ఒకటి, యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే కుండలోకి ఊహకందని ముడిసరుకంతా పోసే లైను. అది పోయాక కుండలో మిగిలింది ఒక్క ప్రాసెస్ నంబరు. అప్పట్లో అవి మామూలుగా 32,768కి మించవు. అంటే ఈ లైబ్రరీతో పుట్టే ఏ కీ అయినా, ఒక్కో రకానికీ సైజుకూ ఆ కొన్ని వేలల్లో ఒకటి. మొత్తం జాబితాను ముందే తయారుచేసి దగ్గర పెట్టుకోవచ్చు.

2008 మేలో లూసియానో బెల్లో దీన్ని బయటపెట్టేదాకా, సుమారు ఇరవై నెలలు, డెబియన్‌లోనూ దాని మీద ఆధారపడ్డ ఉబుంటులోనూ ఈ లైబ్రరీతో పుట్టిన కీలన్నీ అలాంటివే. లైబ్రరీని సరిచేస్తే సరిపోలేదు. ఎస్‌ఎస్‌హెచ్ కీలు, సర్టిఫికెట్లు వెతికి పట్టుకుని పారేసి మళ్లీ పుట్టించుకోవాల్సి వచ్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతకు సాఫ్ట్‌వేర్‌లో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ మార్పు చేసినవాళ్లు నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లు కారు. హెచ్చరికను చూసి పట్టించుకోకుండా వదిలేయని మనుషులు. అదే భయపెట్టే విషయం. శ్రద్ధ ఉన్నా, తెలివి ఉన్నా, ఒక లైను ఎందుకుందో తెలియకుండా దాన్ని ముట్టుకుంటే జరిగేది ఇదే. మీకు లైబ్రరీలో ఏదో తేడాగా కనిపిస్తే దాన్ని రాసినవాళ్లకు పంపండి, చర్చించండి, వాళ్ల చేతుల మీదుగా మార్పించండి. మీ ప్రాజెక్టులోకి కాపీ తెచ్చుకుని మార్చుకోవద్దు.

గడప చూసుకోండి

ముందు గుమ్మంలోంచే వెళ్లినా గడప తట్టుకుని పడేవాళ్లున్నారు. ఫంక్షన్ సరైనదే, అది చెప్పే జవాబును వినరు.

సంతకం సరిచూసే ఈవీపీ ఫంక్షన్ మూడు రకాలుగా జవాబిస్తుంది. సంతకం సరైతే 1. తప్పయితే 0. సంతకాన్ని చదవడమే కుదరకపోతే మైనస్ 1. సీ భాషలో సున్నా కానిదంతా నిజం కిందే లెక్క. సున్నా వస్తే తిరస్కరించు, లేకపోతే ఒప్పుకో అని రాసినవాళ్ల కోడ్‌లో, చెడగొట్టిన సంతకం దర్జాగా లోపలికి వచ్చేసింది. 2009 జనవరిలో దీని గురించి హెచ్చరిక వచ్చినప్పుడు, తప్పు చేసినవాటిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సొంత కోడ్ కూడా ఉంది. కట్టినవాళ్లే వాళ్ల గడప తట్టుకున్నారు. ఇక మనమెంత?

కర్ల్ లైబ్రరీలో సర్వర్ పేరు సరిచూడమని చెప్పే ఆప్షన్ కథ కూడా ఇలాంటిదే. దానికి ఇవ్వాల్సిన విలువ 2. చాలామంది 'అవును, సరిచూడు' అనే ఉద్దేశంతో ట్రూ అని ఇచ్చారు. ట్రూ అంటే 1. అప్పట్లో 1 అంటే సర్టిఫికెట్‌లో ఏదో ఒక పేరు ఉంటే చాలని అర్థం. భద్రత కావాలని చెయ్యెత్తి అడిగినవాళ్లకే భద్రత లేకుండా పోయింది. బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి తప్పులు ఎంతగా ఉన్నాయో 2012లో పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు కర్ల్ 1 ఇస్తే ఒప్పుకోకుండా ఎర్రర్ ఇచ్చేది. ఆ ఆప్షన్‌ను అసలు ముట్టుకోనివాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు, డిఫాల్ట్ విలువ 2 కాబట్టి.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, వాడే ప్రతి ఫంక్షన్ మాన్యువల్ పేజీలో 'తిరిగి ఇచ్చే విలువలు' అన్న భాగాన్ని కోడ్ రాయకముందే చదవాలి. రెండు, కారణం లేకుండా డిఫాల్ట్‌లు మార్చకూడదు. 2019లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి మెషీన్ మొత్తానికి ఒకేచోట ఎన్‌క్రిప్షన్ విధానం పెట్టుకునే వీలుంది. డిఫాల్ట్‌లను అలాగే వదిలిన ప్రోగ్రాములు ఆ విధానానికి లోబడి నడుస్తాయి. అల్గారిథమ్‌ల జాబితాను కోడ్‌లో కుట్టేసినవి మొండికేస్తాయి.

ఏ పనికి ఏ గుమ్మం?

ఒకే ఇంటికి చిన్న గుమ్మం, పెద్ద గుమ్మం ఉన్నట్టు, మద్దతు ఉన్న ఇంటర్‌ఫేస్‌లలోనూ మెట్లున్నాయి. సూత్రం ఒక్కటే. మీ పని జరిగే మెట్లలో అన్నిటికన్నా పైమెట్టు మీద నిలబడండి. కిందికి దిగే కొద్దీ తప్పు చేసే స్వేచ్ఛ పెరుగుతుంది.

పైథాన్‌లో క్రిప్టోగ్రఫీ లైబ్రరీ ఈ తేడాను పేర్లలోనే పెట్టింది. పైమెట్టు ఫెర్నెట్. దానికి కీ, డేటా ఇస్తే చాలు. 128 బిట్ల ఏఈఎస్‌తో దాచిపెట్టి, ఎవరైనా మార్చితే తెలిసిపోయేలా హెచ్‌మ్యాక్ ముద్ర కూడా వేసి ఇస్తుంది. మోడ్, నాన్స్ లాంటి మాటలు మీ నోట రానక్కర్లేదు. కింది మెట్టుకు పెట్టిన పేరు హజ్‌మ్యాట్. ప్రమాదకరమైన సరుకు అని. పెట్రోల్ ట్యాంకర్ వెనక ఎర్ర అక్షరాల్లో రాసినట్టు, దిగుమతి చేసుకునే ప్రతి లైన్లోనూ ఆ పేరు మీ కంటబడుతుంది. దిగవద్దని కాదు, ఎక్కడికి దిగుతున్నారో తెలిసి దిగమని.

సీ భాషలోనో, మరో భాషలోనో ఫైళ్లు, సందేశాలు ఎన్‌క్రిప్ట్ చేయాలంటే లిబ్‌సోడియం చూడండి. డేనియల్ బెర్న్‌స్టైన్ బృందం రాసిన నాసిల్ లైబ్రరీ నుంచి వచ్చింది. అందులో సీక్రెట్‌బాక్స్ అనే ఫంక్షన్‌కు 32 బైట్ల కీ, 24 బైట్ల నాన్స్ కావాలి. నాన్స్ అంటే ఒక కీతో ఒక్కసారే వాడాల్సిన సంఖ్య. 24 బైట్లు కాబట్టి ప్రతిసారీ యాదృచ్ఛికంగా తీసుకున్నా రెండుసార్లు ఒకటే వచ్చే భయం లేదు. ఏఈఎస్ జీసీఎమ్ మోడ్‌లో మామూలుగా వాడే నాన్స్ 12 బైట్లే. అక్కడ పొరపాటున అదే నాన్స్ మళ్లీ వాడితే రెండు సందేశాల మధ్య తేడా బయటపడటమే కాదు, దొంగ ముద్రలు వేసే దారి కూడా తెరుచుకుంటుంది. పెద్ద ఫైళ్లకు లిబ్‌సోడియంలోనే సీక్రెట్‌స్ట్రీమ్ ఉంది. ముక్కలు తారుమారైనా, చివరి ముక్క ఎవరైనా కోసేసినా పట్టుకుంటుంది.

పీహెచ్‌పీ వాళ్లకు ఈ కథ వేరేగా చెప్పనక్కర్లేదు. ఎమ్‌క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ వెనకున్న లైబ్రరీకి 2007 తర్వాత కొత్త రిలీజ్ లేదు. అయినా ఏళ్ల తరబడి జనం వాడుతూనే వచ్చారు. పీహెచ్‌పీ 7.1లో దాన్ని డెప్రికేట్ చేసి, 2017 నవంబర్‌లో వచ్చిన 7.2లో తీసేశారు. అదే 7.2లో సోడియంను లోపలికి తెచ్చారు. లైబ్రరీని ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగమన్నదానికన్నా ముందు, కిందటి రిలీజ్ ఎప్పుడు వచ్చిందో, భద్రతా లోపం కనబడితే ఎవరికి చెప్పాలో రాసి ఉందో లేదో చూడండి. దీపం పెట్టే మనిషి లేని ఇంట్లో అద్దెకు దిగకండి.

పాస్‌వర్డ్‌లకు గుమ్మం వేరు. పాస్‌వర్డ్‌ను నేరుగా కీగా వాడకూడదు, ఎస్‌హెచ్‌ఏతో ఒకసారి హ్యాష్ చేసి వాడటమూ సరికాదు. ఆ పని కోసమే కావాలని నెమ్మదిగా, మెమరీ ఎక్కువ తినేలా రాసినవి ఉన్నాయి. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ గెలిచిన ఆర్గన్2 వాటిలో ఒకటి. నెట్‌వర్క్ మీద పంపేదానికి మీ సొంత పద్ధతి కట్టుకోకండి, టీఎల్‌ఎస్ వాడండి. యాదృచ్ఛిక సంఖ్యల విషయానికొస్తే, పైథాన్‌లో రాండమ్ మాడ్యూల్ ఆటల్లాంటివాటికే. కీలకు 3.6 నుంచి వస్తున్న సీక్రెట్స్ మాడ్యూల్ ఉంది.

గుమ్మం లేకపోతే?

మీకు కావాల్సిన పనికి ఇంటర్‌ఫేస్ లేదని ఒక్కోసారి నిజంగానే తేలుతుంది. అప్పుడు గోడ దూకాలనిపిస్తుంది. ముందు ఒక ప్రశ్న వేసుకోండి. 'ఇది లేకపోవడానికి కారణం ఉందా?' నేను తీసుకున్న ఆ విలువనే చూడండి. దాన్ని మధ్యలో బయటికి తీయాల్సిన అవసరం నిజానికి మా ప్రోగ్రామ్‌కు లేదు. ఆ విలువ నాన్సే, ఎన్‌క్రిప్షన్ మొదట్లో దాన్ని నేనే పుట్టించి లైబ్రరీకి ఇచ్చేవాణ్ని. ఒక కాపీ దగ్గర పెట్టుకుంటే సరిపోయేది. ఇంటర్‌ఫేస్‌లో లేని పని చేయాల్సి వస్తోందంటే, చాలాసార్లు మన డిజైన్లోనే వంకర ఉంటుంది.

అవసరం నిజమైనదే అయితే అడగండి. ఓపెన్‌సోర్స్‌లో ఉన్న సుఖం అదే. స్ట్రక్చర్లు మూసేసినప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు విలువలు అడిగి తీసుకోవడానికి, మార్చడానికి ఫంక్షన్లు ఇచ్చారు. మీ అవసరాన్ని చిన్న ఉదాహరణతో రాయండి, వీలైతే ప్యాచ్ కూడా పంపండి. అది లోపలికి వెళితే మీ ఒక్కరి గుమ్మం అందరి గుమ్మం అవుతుంది, దాన్ని కాపాడే బాధ్యత మీ నెత్తిన ఉండదు.

మరి లైబ్రరీలోనే తప్పుంటే?

చాలామంది ఇక్కడ హార్ట్‌బ్లీడ్ గుర్తుచేస్తారు. గుర్తుచేయాల్సిందే. 2012 నుంచి వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 వర్షన్లలో ఉన్న ఆ లోపం 2014 ఏప్రిల్ 7న బయటపడింది. ఒక్కో అభ్యర్థనకు సర్వర్ మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా బయటికి లాగవచ్చు. ముందు గుమ్మంలోంచి వెళ్లినవాళ్లకూ ఆ దెబ్బ తగిలింది.

తేడా కనిపించింది ఆ మర్నాడు. సిస్టమ్‌లోని లైబ్రరీని మామూలుగా లింక్ చేసుకున్న ప్రోగ్రాములకు 1.0.1జీ వర్షన్‌కు అప్‌డేట్ చేసి, సర్వీసులు రీస్టార్ట్ చేసి, కీలు మార్చుకుంటే పని అయిపోయింది. ప్రోగ్రామ్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. లైబ్రరీ కాపీని తమ ప్రాజెక్టులో దాచుకుని, దానికి తమ సొంత మార్పులు అతుకు పెట్టుకున్నవాళ్లు మాత్రం ఎవరికివాళ్లే వైద్యం చేసుకోవాల్సి వచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ముందు గుమ్మం తప్పులు జరగవని హామీ ఇవ్వదు. తప్పు జరిగినప్పుడు దాన్ని సరిచేసే మనుషులు ఉన్నారనీ, ఆ సరిచేసింది మన దాకా వస్తుందనీ మాత్రమే హామీ ఇస్తుంది. నాకు అది చాలా పెద్ద హామీ.

అలవాటు చేసుకోవాల్సినవి

1. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని పిలిచే కోడంతా ఒకే ఫైల్లో పెట్టండి. మిగతా ప్రోగ్రామ్‌కు దాచు, తెరువు అనే రెండు పనులు మాత్రమే తెలియాలి. రేపు లైబ్రరీ మార్చాల్సి వస్తే మారేది ఆ ఒక్క ఫైలే.

2. డెప్రికేటెడ్ హెచ్చరికను ఎర్రర్‌గా చూడమని కంపైలర్‌కు చెప్పండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో డెప్రికేటెడ్ ఫంక్షన్లను హెడర్లలోంచే మాయం చేసే మ్యాక్రో కూడా ఉంది. దాన్ని పెట్టి ఒకసారి బిల్డ్ చేస్తే మీ దొడ్డిదారులన్నీ ఒకేసారి బయటపడతాయి.

3. మీరు రాసే ఫైలు మొదటి బైట్లో ఫార్మాట్ వర్షన్ నంబరు పెట్టండి. అల్గారిథమ్ మార్చిన రోజు పాత ఫైళ్లు తెరవడానికి అదొక్కటే ఆధారం.

4. ఎన్‌క్రిప్ట్ చేసి మళ్లీ తెరవడం టెస్టులో సగమే. ఒక బిట్ మార్చి తెరవండి, ఒప్పుకోకూడదు. తప్పు కీతో తెరవండి, ఒప్పుకోకూడదు. ప్రామాణిక పత్రాల్లో అచ్చువేసిన నమూనా విలువలు ఇచ్చి చూడండి, అక్షరం తేడా రాకూడదు.

5. ముద్ర సరిచూడటం పూర్తయ్యేదాకా డీక్రిప్ట్ అయిన డేటాను నమ్మకండి, ఎవరికీ చూపకండి. ముద్రలను పోల్చడానికి మామూలు పోలిక వాడకండి. పట్టే సమయాన్ని బట్టి కూడా రహస్యం జారిపోతుంది. లైబ్రరీలో అందుకోసమే పోలిక ఫంక్షన్ ఉంటుంది.

6. మీరు వాడే లైబ్రరీ వర్షన్‌కు మద్దతు ఏ తేదీతో ముగుస్తుందో రాసి పెట్టుకోండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు 2023 సెప్టెంబర్ 11తో ఉచిత మద్దతు ముగిసింది. ఆ తేదీ చాలా ముందే ప్రకటించారు. అయినా ఆ రోజు ఉలిక్కిపడ్డవాళ్లను నేను చూశాను.

7. లైసెన్స్ చూసుకోండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 నుంచి అపాచీ 2.0 కిందికి వచ్చింది. మీ ప్రాజెక్టు లైసెన్స్‌తో అది పొసగుతుందో లేదో మొదటి రోజే తెలుసుకోవడం మంచిది.

ఈ వారం పని

మీ ప్రాజెక్టులో ఎన్‌క్రిప్షన్‌ను తాకే లైన్లన్నీ వెతికి ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకోండి. 'ఇది నాకు ఎవరు ఇచ్చిన మాట?' డాక్యుమెంటేషన్‌లో పేజీ చూపించగలిగితే టిక్ పెట్టండి. 'నేనే చూశాను', 'ఎవరో రాశారు', 'పని చేస్తోంది' అన్నవి జవాబులైతే సున్నా చుట్టండి. సున్నాలన్నీ ఒకేసారి సరిచేయనక్కర్లేదు. వారానికి ఒకటి చాలు. కాకినాడ కుర్రాడు ఇలాగే చేశాడు. ఇప్పుడు మా ప్రాజెక్టులో ఎన్‌క్రిప్షన్ ప్యాచ్‌లు చూసేది అతనే. మొన్న నేను పంపిన ఒక మార్పును తిప్పి పంపించాడు కూడా. "అన్నా, రిటర్న్ విలువ చూడలేదు" అని.

ఆ 2016 ఈమెయిల్ వచ్చాక నేను రెండు వారాలు కూర్చుని నా ఫైలంతా మళ్లీ రాశాను. స్ట్రక్చర్లోకి పెట్టిన చేతులు వెనక్కి తీసుకున్నాను. నేరుగా పిలిచిన ఏఈఎస్ ఫంక్షన్లను ఈవీపీకి మార్చాను. రాసినదానికన్నా తీసేసినది ఎక్కువ. తీసేసిన లైన్లలో నేను గర్వపడ్డవన్నీ ఉన్నాయి. ఇంతకాలం నేను తెలివి అనుకున్నది, మరొకరి పనిని వాళ్లకన్నా తక్కువగా తెలిసి మళ్లీ చేయడమేనని ఆ రెండు వారాల్లో ఒప్పుకున్నాను.

2021లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వచ్చింది. చాలా ప్రాజెక్టుల్లో హెచ్చరికల వర్షం కురిసింది. మా ప్యాకేజీ చూసుకునే ఆయన నుంచి ఈమెయిల్ వస్తుందేమోనని నేను కొన్ని రోజులు పొద్దున్నే చూస్తూ ఉండేవాణ్ని. రాలేదు. చివరికి ఉండబట్టలేక నేనే అడిగాను. 'మీ ప్రోగ్రామా? ఒక్క హెచ్చరిక కూడా లేదు, ఎప్పుడో బిల్డ్ అయిపోయింది' అని రాశాడు.